ఒక్క ఊపిరికి సరిపడా

అయ్యగారి మాటంటే అత్తగారికి శిలాశాసనం. ఆ మాట రాసేది తన కోడలేనన్న సంగతి మాత్రం ఆవిడకు తెలియదు.

రోజూ పొద్దున్నే టీ గొంతు దిగకముందే కుటుంబ ప్రార్థన. అత్తగారు ముందుగది కుర్చీలో నిటారుగా కూర్చునేది. కొడుకు స్టూలు మీద బూట్ల లేసులు బిగించుకుంటూ, కోడలు వంటింటి గుమ్మంలో ఒక చెవి పొయ్యి మీద వేసి ఉంచి వినేవాళ్లు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, అరచేతిలో ఇమిడే ధ్యానాల పుస్తకం తెరిచి, ఆ రోజు పేజీ గట్టిగా చదివేది. మూడు నెలలకో పుస్తకం, రోజుకో పేజీ. అట్ట మీద తెల్లచొక్కాలో అయ్యగారి చిరునవ్వు. వాళ్ల సంఘానికి పెద్ద పాస్టరు ఆయన. ప్రసంగిస్తే జనం విరగబడతారు, ఆ సంఘంలో ఆయన పుస్తకం లేని ఇల్లు లేదు. చదవడం అయ్యాక అత్తగారు పుస్తకం మూసి, వేలు మాత్రం పేజీ మధ్యలోనే ఉంచి, గుమ్మం వైపు తిరిగేది.

"విన్నావా అమ్మాయ్? ఇంటిపని సణుక్కుంటూ చేస్తే లెక్కలోకి రాదట. మన వంటింట్లో నిలబడి చూసినట్టే రాస్తారు మహానుభావుడు."

నిలబడి చూడటమేమిటి, ఆ వంటింట్లో గిన్నెలు తోమి, చెయ్యి తుడుచుకుని వెళ్లి మరీ రాసిందే అది.

వెనకగదిలో బీరువాకూ, ఇస్త్రీ చేయాల్సిన బట్టల గుట్టకూ మధ్య ఇరికించిన బల్ల, దాని మీద మీటల అక్షరాలు అరిగిపోయిన పాత కంప్యూటరు. ఆమె ఆఫీసు అదే. ఇంట్లోవాళ్లకు తెలిసినంతవరకు ఆమె అయ్యగారి పరిచర్య ఆఫీసువాళ్లకు టైపు కొట్టి పెడుతుంది, అంతే. అందుకే అత్తగారు టైపమ్మ అని పేరు పెట్టింది. "మా టైపమ్మకేం, ఇంటిపట్టునే ఉంటుంది, నీడపట్టున పని" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఇంటిపట్టునే ఉంటుంది కదా అని గ్యాసు బండి వచ్చినా, కుళాయి కారినా, పక్కింటి పిల్ల బడి నుంచి ముందే వచ్చేసినా తలుపు తీయాల్సింది టైపమ్మే. ఒక పేజీ పూర్తయ్యేలోపు ఎన్నిసార్లు లేచి కూర్చుంటుందో ఆ కుర్చీనే అడగాలి.

అయ్యగారికి రాసే తీరిక లేదు. అంశాలు ఎడిటరు నుంచి వస్తాయి, పేజీలు ఈమె నుంచి వెళ్తాయి, పేరు ఆయనది పడుతుంది. ఎవరికీ చెప్పకూడదన్నది మొదటి షరతు. రెండో షరతు ఊపిరిది. "ముసలివాళ్లు గట్టిగా చదువుకునే పుస్తకం సిస్టర్. ఒక్క ఊపిరికి ఒక్క వాక్యం. మధ్యలో ఆయాసపడ్డారంటే దేవుడి మీద ధ్యాస పోతుంది" అని ఎడిటరు మొదట్లోనే చెప్పాడు. అందుకని ఆమె రాసిన ప్రతి వాక్యాన్నీ పెదాల మీద గొణిగి చూసుకుంటుంది. ఊపిరి మిగిలితే ఉంచుతుంది, చాలకపోతే కోసేస్తుంది. ఆ గొణుగుడు చెవిన పడినప్పుడల్లా అత్తగారు ముందుగదిలోంచి, "టైపు కొట్టడానికి కూడా నోరాడించాలా, చోద్యం కాకపోతే" అంటుంది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఈ పని ఎప్పుడూ ఒక పుస్తకం ముందు నడుస్తుంది. ఎండాకాలంలో చదివే పేజీ చలికాలంలో రాయాలి. అత్తగారు ఇవాళ చదివేది టైపమ్మ ఎప్పుడో రాసి, పంపి, మరిచిపోయినది. తన మాటే పొద్దున్నే మొట్టికాయలా వచ్చి తన నెత్తిన తగిలితే, దీన్ని నేనెప్పుడు రాశానబ్బా అనుకుంటూ గరిటె తిప్పడం ఆమెకు అలవాటైపోయింది.

ఆ సోమవారం ప్రార్థన ముగిసి ఆమెన్ అంటుండగా ఎవరో తలుపు తట్టారు. అలవాటుగా టైపమ్మే తీసింది. గుమ్మంలో ఆడపడుచు. కుడిచేతిలో చిన్న సంచి, ఎడమచేతి వేళ్లకు కట్టు.

చిన్నప్పుడు క్షణం నోరు మూయకుండా కిచకిచలాడేదని ఇంట్లో ఆమెను పిచ్చిక అనేవాళ్లు. పెళ్లయ్యాక ఏమైందో గాని, పిచ్చిక నోట్లోంచి ఒక మాట రావాలంటే ఇప్పుడు రెండుసార్లు అడగాలి.

"వేళ్లకేమైందే?" అంది అత్తగారు.

"తలుపు పడిందమ్మా."

"దానంతటదే పడిందా?"

"తలుపు దానంతటదే ఎందుకు పడుతుంది" అంది పిచ్చిక. సంచి గోడ పక్కన పెట్టింది.

వెనకగదిలో బల్ల పక్కన ఉన్న కాస్త నేల తప్ప ఆ ఇంట్లో ఇంకెక్కడా ఖాళీ లేదు. టైపమ్మ బట్టల గుట్టను కాలితో జరిపి అక్కడే పరుపు వేసింది. కట్టు మార్చేటప్పుడు వేళ్లు చూసింది. గోళ్లు నల్లబడ్డాయి, కణుపుల దగ్గర చర్మం చిట్లి వాచింది. ఎవరైనా పట్టి ఉంచి మూస్తే తప్ప అలా నలగవు.

"ఎందుకు పిచ్చికా?" అంది దూది తడుపుతూ.

పిచ్చిక గోడకు చెబుతున్నట్టు చెప్పింది. "ఎందుకని నేనూ అడిగాను వదినా. ఊరికే అన్నాడు. నిజంగానే ఊరికే. మూసి, లోపలికెళ్లి కీబోర్డు వాయించుకున్నాడు. ఆదివారం పాట ప్రాక్టీసు చేసుకోవాలి కదా."

అల్లుడికి టైర్ల దుకాణం ఉంది. ఆదివారం ఆరాధనలో కీబోర్డు అతనే వాయిస్తాడు. అత్తగారికి జ్వరమొస్తే కారు పంపుతాడు, ఎదురుపడితే వంగి వందనాలు చెబుతాడు, నవ్వితే బుగ్గ సొట్టపడుతుంది. అలాంటి అల్లుడి మీద చెడు వినడానికి ఆవిడ చెవులు సిద్ధంగా లేవు. అలాగని కూతురి చేతిని చూస్తే కడుపు తరుక్కుపోకుండానూ లేదు. రెండు రోజులు ఆవిడ పిచ్చికకు తన చేత్తోనే చెంచాతో తినిపించింది, జడ తనే వేసింది, ఆ వేస్తున్నంతసేపూ అల్లుడి మంచితనం చెబుతూనే ఉంది. మధ్యలో అల్లుడు ఫోను చేశాడు. "కాస్త అలిగినట్టుందత్తయ్యా, నాలుగు రోజులుండి రానివ్వండి, శుక్రవారం సాయంత్రం నేనే వచ్చి తీసుకెళ్తాను" అన్నాడు.

బుధవారం సాయంత్రం అత్తగారు అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టింది.

"వెళ్లమనడానికి నాకు నోరు రావట్లేదు. ఉండిపొమ్మంటే సంఘంలో తలెత్తుకోలేను. రేపంతా ఉపవాసముంటాను. శుక్రవారం పొద్దున అయ్యగారి పేజీలో ఏమొస్తే అదే దేవుడి మాట. దానికి నేనూ ఎదురు చెప్పను, ఇంకెవరూ చెప్పకూడదు."

ఆ సంఘంలో ఇది కొత్తేమీ కాదు. పెళ్లి సంబంధం కానీ, ఆపరేషను కానీ, ఎటూ తేలకపోతే ఒక రోజు అనుకుంటారు, ఉపవాసముంటారు, ఆ రోజు పేజీ ఏమంటే అది చేస్తారు. అలా పేజీని అడిగి ఇల్లు అమ్ముకున్నవాళ్లున్నారు, కాలు తీయించుకోకుండా ఉండి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

కొడుకు వెంటనే ఒప్పేసుకున్నాడు. "అదే మంచిదమ్మా, ఎవరూ ఎవరినీ అనుకోనక్కర్లేదు" అన్నాడు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం అతనిది. పొద్దస్తమానం ఇరుక్కుపోయిన మనుషుల్ని బయటికి లాగి లాగి విసిగిపోయాడో ఏమో, ఇంటికొచ్చాక ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా అతనికి పట్టదు.

"నువ్వేమంటావే?" అంది అత్తగారు కూతురితో.

"అలాగే అమ్మా" అంది పిచ్చిక.

టైపమ్మకు అప్పుడు తట్టింది. ఈ వారం అంశం ఇల్లు. ఏడు పేజీలు తనే రాసింది. ఏ రోజుకు ఏది రాసిందో గుర్తు రావడం లేదు గాని, గుర్తు రాకపోతేనే బాగుండనిపించేంత భయం పట్టుకుంది.

అంట్లు సింకులోనే వదిలేసి వెనకగదికి వెళ్లింది. పిచ్చిక అప్పటికే పరుపు మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కంప్యూటరు తెరిచి, ఆ వారం పేజీలు వెతికి, శుక్రవారం దగ్గర ఆగింది.

యజమానురాలి బాధ పడలేక ఎడారిలోకి పారిపోయిన దాసి కథ అది. నీళ్ల బుగ్గ దగ్గర కూర్చుంటే దేవదూత ఎదురొచ్చి, వచ్చిన దారినే తిరిగి వెళ్లమంటాడు. అది రాసిన రోజు టైపమ్మకు గుర్తొచ్చింది. కుళాయి పగిలి వెనకగదంతా నీళ్లు. కుర్చీ అడ్డకర్ర మీద కాళ్లు పెట్టుకుని, కుళాయి బాగుచేసేవాడు వచ్చేలోపు పూర్తి చేయాలని గబగబా రాసింది. ఏ ఆడదాన్నీ మనసులో పెట్టుకుని రాసింది కాదు. కానీ వాక్యాలు ఎంత బాగా కుదిరాయంటే, తనకు తానే మురిసిపోయి ఇంకో కప్పు టీ పెట్టుకుంది. ఎడిటరు కూడా ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు.

ఇప్పుడు వాటిని చదవబోతే కళ్లతో చదవడం రాలేదు. ఆరేళ్ల అలవాటు, పెదాలు వాటంతటవే కదిలాయి. "పారిపోయిన చోట నీళ్లు దొరకవచ్చు గానీ ఇల్లు దొరకదు" అని గొణిగింది. "తిరిగి వెళ్లే కాళ్లకే ఆయన బలమిస్తాడు. సహోదరీ, ఆ తలుపు నీకోసం ఇంకా తెరిచే ఉంది." ఎక్కడా ఊపిరి చాలకపోవడం లేదు. దువ్వెన దువ్విన జుట్టులా ఉన్నాయి వాక్యాలు.

వెనక్కి తిరిగి చూసింది. పిచ్చిక కదలలేదు. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద విడిగా, ఎవరిదో అన్నట్టు పడి ఉంది.

మర్నాడు అత్తగారు ఉపవాసంలో ఉండగా ఎడిటరు ఫోను చేశాడు. మెత్తగా, పక్కవాడికి కూడా వినపడకుండా మాట్లాడే మనిషి.

"వందనాలు సిస్టర్. మీరు కూర్చునే ఉన్నారా? ఒక శుభవార్త. స్త్రీల ధ్యానాల పుస్తకం వేస్తున్నామన్నాను కదా. దాని మీద మీ పేరే వేయమన్నారు అయ్యగారు. పేరూ, ఫొటో కూడా. మంచి ఫొటో ఒకటి తీయించుకోండి."

టైపమ్మ బల్ల అంచు పట్టుకుంది. ఆరేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది. పుస్తకాల కట్టలు వచ్చిన ప్రతిసారీ, అట్ట మీద ఆయన నవ్వు చూసి, నా పేరు లోపలి పేజీలో చీమంత అక్షరాల్లోనైనా వేయకూడదా అని కుమిలిపోయిన మనిషి ఆమె. సంతోషం వచ్చింది. వచ్చినందుకు ఒళ్లు మండింది కూడా.

"సిస్టర్, వింటున్నారా?"

"వింటున్నానండి. ఒక్క మాట. రేపటి పేజీ గురించి. ఆ దాసి పేజీ."

"అబ్బ, అది మన మొత్తం పుస్తకానికే తలమానికం."

"దాన్ని పట్టుకుని ఎవరైనా ఒక ఆడపిల్లను కొట్టేవాడి దగ్గరికి తిరిగి పంపిస్తే?"

 ఎందుకడుగుతున్నారని ఎడిటరు అడగలేదు. "విత్తడం వరకే మన పని సిస్టర్. ఏ నేల మీద పడుతుందో ఆయన చూసుకుంటాడు. మీరు రోజువారీ పేజీలు రాస్తారన్నది మాత్రం ఎక్కడా పొక్కకూడదు, మీకు తెలుసు. ముఖ్యంగా ఇప్పుడు. అయ్యగారు మనసు మార్చుకున్నారంటే నేను చేయగలిగింది ఉండదు."

"తెలుసండి" అంది టైపమ్మ. "ఎవరికీ చెప్పను. నా పేరు వేస్తున్నారు, అది చాలు."

ఫోను పెట్టేశాక గాని పిచ్చిక గదిలోనే ఉందని ఆమెకు గుర్తు రాలేదు. పిచ్చిక ఒంటిచేత్తో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చొక్కా చేతిని గడ్డం కింద నొక్కిపట్టి, మిగతాది మంచి చేత్తో లాగి, మడత సరిగ్గా రాకపోతే మళ్లీ విప్పుతోంది.

"మంచి కబురేనా వదినా?"

"ఏదో పని గురించి."

"సరే" అని పిచ్చిక ఇంకో చొక్కా అందుకుంది.

ఆ రోజంతా టైపమ్మ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. అత్తయ్యా, ఆ పేజీ దేవుడిది కాదు, అయ్యగారిదీ కాదు, నాది అని చెబితే చాలు. చెబితే ఏమవుతుంది? నమ్మితే పిచ్చిక ఉంటుంది. ఆ మాట ఆవిడ నోట్లోంచి సంఘానికి, సంఘం నుంచి అయ్యగారికి చేరడానికి ఒక ఆదివారం చాలు. పుస్తకం పోతుంది, పేరు పోతుంది, ఉన్న పనీ పోతుంది. టైపమ్మ కూడా కాకుండా పోతుంది. చెప్పకుండానే ఆపే దారి ఏదైనా ఉందా అని సాయంత్రం దాకా వెతికింది. చివరికి ఒకటి దొరికినట్టనిపించింది.

శుక్రవారం పొద్దున అత్తగారు కళ్లజోడు తుడుచుకుంటుంటే టైపమ్మ చెయ్యి చాపింది.

"ఇవాళ నేను చదువుతానత్తయ్యా. నిన్నంతా ఉపవాసమున్నారు, మీకు గొంతు పీక్కుపోయి ఉంటుంది."

ఆవిడ ఆశ్చర్యంగా చూసి పుస్తకం ఇచ్చింది. కొడుకు లేసులు కట్టడం ఆపి కూర్చున్నాడు. పిచ్చిక గోడకు ఆనుకుని కింద కూర్చుంది. టైపమ్మ పేజీ తెరిచి, అచ్చులో ఉన్నదాని మీదుగా చూపు పోనిచ్చి, అందులో లేనిది చదవడం మొదలుపెట్టింది.

అయ్యగారి గొంతు ఆమెకు కొట్టినపిండి. ఎడారీ అదే, దాసీ అదే, నీళ్ల బుగ్గా అదే. దేవదూత మాత్రం మారిపోయాడు. "పారిపోయి వచ్చినవాళ్లను ఆయన వెనక్కి తరమడు" అని చదివింది. "ముందు నీళ్లిస్తాడు. గాయం చూస్తాడు. ఇది ఎవరు చేశారని అడుగుతాడు. సహోదరీ, నీ గాయానికి పేరు పెట్టేదాకా ఆయన నీ పక్కనుంచి లేవడు." ప్రతి వాక్యం ఒక్క ఊపిరికి సరిగ్గా సరిపోయింది. రాసి దిద్దుకున్నవాటి కంటే నున్నగా వచ్చింది. చదువుతూ చదువుతూ ఓరకంట చూస్తే పిచ్చిక తలెత్తి ఉంది. వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఎవరి మొహమూ అలా చూడలేదు.

అత్తగారి కళ్ల వెంట నీళ్లు కారాయి.  చేతులు జోడించుకునే, "మళ్లీ ఒక్కసారి చదువమ్మా, ఆ గాయం మాట" అంది.

అక్కడ దెబ్బతింది టైపమ్మ. తు.చ. తప్పకుండా మళ్లీ అదే అంటే గట్టెక్కేది. కానీ రాసేవాళ్ల జబ్బు ఎక్కడికి పోతుంది? రెండోసారి నోటికొచ్చేసరికి వాక్యం ఇంకాస్త బాగా కుదిరింది. "నీ గాయాన్ని పేరు పెట్టి పిలిచేదాకా ఆయన నిన్ను కదలమనడు" అనేసింది.

"ఇందాక అలా చదవలేదే" అంది అత్తగారు. "ఏదీ, ఇటివ్వు."

పుస్తకం చేతులు మారింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, మొదటి అక్షరం నుంచి, గట్టిగా, వేలు పెట్టుకుంటూ చదివింది. ఇల్లు దొరకదని చదివింది. తిరిగి వెళ్లే కాళ్లకు బలమని చదివింది. తలుపు తెరిచే ఉందన్న దగ్గర అక్షరం మీద వేలు ఆగింది గాని గొంతు ఆగలేదు. చదవడం పూర్తి చేసి, పుస్తకం మూసి, ఈసారి వేలు కూడా బయటికి తీసేసింది.

"అయ్యగారి మాట మార్చి చదువుతావా? దేవుణ్ని అడిగి ఉపవాసముండి కూర్చుంటే, నీ నోటికొచ్చింది చదువుతావా? అక్షరాలు కొట్టి కొట్టి అయ్యగారిని దిద్దేంతదానివయ్యావా?"

"అమ్మా, గట్టిగా అరవకు" అన్నాడు కొడుకు. పెళ్లాం వైపు తిరిగి, "నీకేమైనా మతి పోయిందా?" అన్నాడు.

"చెప్పు" అంది అత్తగారు. "ఎవరి మాటలవి?"

 పిచ్చిక వదిన మొహం మీంచి చూపు తిప్పడం లేదు.

"నేనే" అంది టైపమ్మ.

"నువ్వే ఏంటి?"

పొయ్యి మీద నీళ్లు మరిగి మూత ఎగిరెగిరి పడుతోంది. రాబోయే పుస్తకం మీద తన ఫొటో ఎలా ఉంటుందో నిన్నటి నుంచి ఎన్నిసార్లు ఊహించుకుందో, ఆ ఫొటోయే మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. అందులో తను కాస్త పక్కకు తిరిగి, నెమ్మదిగా నవ్వుతూ ఉంది.

"నేనే లైను తప్పానత్తయ్యా. కళ్లు తిరిగాయి."

పిచ్చిక లేచి నిలబడింది.  వెనకగదికి వెళ్లి, పరుపు చుట్టి గోడకు ఆనించి, సంచిలో బట్టలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒంటిచేత్తో సంచి జిప్పు పడలేదు. టైపమ్మ వెళ్లి వేసింది. ఆ కాస్తసేపూ ఇద్దరి తలలూ పక్కపక్కనే ఉన్నాయి, ఇద్దరూ జిప్పునే చూశారు.

సాయంత్రం అల్లుడు అత్తగారికి యాపిల్ పళ్లు తెచ్చాడు. బుగ్గ సొట్టపడేలా నవ్వాడు. పిచ్చిక చేతిలో సంచి తనే అందుకుని, కారు తలుపు తనే తీసి పట్టుకున్నాడు. ఆమె లోపల కూర్చుని, కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి లాక్కునేదాకా ఆగి, అప్పుడు మూశాడు. "ఎంత జాగ్రత్తో చూడు" అంది అత్తగారు కళ్లొత్తుకుంటూ.

ఆదివారం ఆరాధనలో ఆవిడ లేచి సాక్ష్యం చెప్పింది. చెడిపోబోయిన కాపురాన్ని అయ్యగారి ఒక్క పేజీ నిలబెట్టిందని చెబితే సంఘమంతా స్తోత్రమంది. కీబోర్డు దగ్గర అల్లుడు తల వంచుకుని మెల్లగా ఒక రాగం వాయించాడు. పిచ్చిక కనపడలేదు. ఒంట్లో నలతగా ఉందట.

ఆ తర్వాతి బుధవారం మళ్లీ ఎడిటరు ఫోను.

"సిస్టర్, మీ ఇంటి సాక్ష్యం అయ్యగారి చెవిన పడింది. ఆయన పొంగిపోయారు. వచ్చే మహాసభలో తిరిగి వెళ్లిన ఆ చెల్లెలే స్వయంగా వేదికెక్కి చదవాలంటున్నారు. ఆమె భర్త సరేనన్నారు, వెనక ఆయనే వాయిస్తారట. మీరు ఆమెతో మాట్లాడి, ఆమె మాటల్లోనే రాయండి. చదవడానికి వీలుగా, మీకు చెప్పాలా. అన్నట్టు మీ పుస్తకం అట్ట తయారైంది. మీరు పంపిన ఫొటో చాలా బాగా వచ్చింది."

టైపమ్మ చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది. తర్వాత పిచ్చికకు చేసింది. వెనక ఎక్కడో కీబోర్డు వినిపిస్తోంది.

"నేనే పిచ్చికా. సాక్ష్యం రాయమన్నారు. నువ్వు చెప్పేది రాసుకోమన్నారు."

"చెబుతాను వదినా. రాసుకో." గొంతు దూరంగా, గదిలో ఇంకొకరు కూడా వినేలా ఉంది. "పారిపోయిన చోట నీళ్లు." ఆగింది. ఫోనులో గాలి లోపలికి వెళ్లడం, సగంలో ఆగిపోవడం వినిపించింది. "దొరకవచ్చు గానీ." మళ్లీ ఆగింది. "ఇల్లు దొరకదు."

టైపమ్మ వేళ్లు మీటల మీదే ఉండిపోయాయి. ఆ వాక్యం ఎంత పొడుగో ఆమెకు తెలుసు. అత్తగారి ముసలి గుండెకు కూడా అది ఒక్క ఊపిరి.

"ఆయాసంగా ఉందా?"

"బాత్రూంలో జారాను. గాలి పీలిస్తే పక్కన పట్టేస్తోంది."

కీబోర్డు ఆగింది. ఎవరో ఏదో అడిగారు, పిచ్చిక "ఆఁ, వదినే" అంది. తలుపు తీసిన చప్పుడు, మెట్లు దిగిన చప్పుడు. పిచ్చిక గొంతు దగ్గరికొచ్చింది.

"దుకాణానికెళ్లాడు. రాసుకున్నావా? నువ్వు రాసిందే కదా, తప్పుల్లేకుండా ఉంటుందిలే."

టైపమ్మ మీటల మీంచి వేళ్లు తీసేసింది.

"ఆ బుధవారం నా పక్కన కూర్చుని గొణిగావు వదినా. శుక్రవారం అమ్మ అదే చదివింది. ముక్క పొల్లుపోలేదు. నువ్వు వేరేది చదువుతుంటే అనుకున్నాను, చెప్పేస్తావులే అని. నేనే అన్నావు చూడు. అక్కడిదాకా వచ్చావు."

"ఇప్పుడే చెప్పేస్తాను. అత్తయ్య ముందుగదిలోనే ఉంది. ఇప్పుడే వెళ్లి..."

"ఇప్పుడు చెబితే నమ్మదు. నమ్మినా నిన్ను తిడుతుంది గాని నన్ను తీసుకెళ్లదు. సంఘంలో లేచి చెప్పేసింది కదా." మధ్యమధ్య ఆగి గాలి తీసుకుంటూ, ఒక్కో ముక్కా పేర్చుకుంటూ చెప్పింది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే టైపమ్మ ఏడ్చి ఊరుకునేది. "నీ పేరు వస్తోందటగా. ఆ రోజు నువ్వు ఫోనులో అన్నావు, విన్నాను. రానీ. ఇద్దరిలో ఒకరికైనా ఏదో ఒకటి రానీ."

"పిచ్చికా."

"వేదిక మీద చదవాల్సింది నేనే అట. మధ్యలో ఆగితే ఆయనకు నచ్చదు, పాట తప్పుతుందట. వాక్యాలు చిన్నవి రాయి వదినా. నీకు తెలుసు కదా ఎలాగో."

ఫోను పెట్టేసింది.

రాయనని ఎడిటరుకు చెప్పవచ్చు. చెబితే ఇంకొకరి చేత రాయిస్తాడు. వాళ్లకు పిచ్చిక ఊపిరి ఎంతో తెలియదు. ఆ పిల్ల కోసమైనా నేనే రాయాలి, అని తనకు తాను చెప్పుకుంది టైపమ్మ. సాకు బాగానే కుదిరింది. ఆరేళ్లుగా ఇలాంటివి కుదర్చడంలో చెయ్యి తిరిగిన మనిషి మరి.

ముందుగదిలోంచి అత్తగారు కేకేసింది. "టైపమ్మా, పొయ్యి మీద పాలు పెట్టాను, చూస్తుండు. నేను ప్రార్థన చేసుకోవాలి."

"చూస్తానత్తయ్యా."

వెళ్లి మంట తగ్గించి వచ్చింది. బల్ల పక్కన ఖాళీ నేల మీద బట్టల గుట్ట మళ్లీ చేరింది. ఆమె కుర్చీ లాక్కుని, కొత్త పేజీ తెరిచి, ఒక వాక్యం కొట్టింది. ఎడమచేతిని పక్కటెముకల మీద గట్టిగా అదిమిపెట్టుకుని, సగం గాలి మాత్రమే పీల్చి, గొణిగి చూసింది. చాలలేదు. మధ్యకు కోసింది. మళ్లీ చూసింది. ఇంకా పొడుగ్గానే ఉంది. మాటలు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి మూడు మిగిలాయి.

"నేను తిరిగి వచ్చాను."

అది సరిపోయింది. ఆమె రెండో వాక్యం మొదలుపెట్టింది.